కొలవనిదే నమ్మని ఓదెలన్న

రెండువేల తొమ్మిదిలో, వినాయక చవితికి ఇరవై రోజుల ముందు, సాయంత్రం ఐదుంబావుకి ధూల్‌పేట్ సందులో మా బండి ఒకసారి కుదిపింది. ఆ కుదుపుకి వెనక సీటు మీదున్న మా ఆవిడ కామేశ్వరమ్మ పైకి లేచి, పక్కనే అరుగు మీద ఆరుతున్న మట్టి ఎలుక మీద కూర్చుంది. దెబ్బలేమీ తగల్లేదు. ఎలుకకి తోక పోయింది. బొమ్మలు చేసే పెద్దాయన చేతిలో పని పక్కనబెట్టి, ఎంతో మర్యాదగా, "అమ్మా, గది స్వామి ఎక్కే బండి. మీది గాదు" అన్నాడు.

సంగతి విన్నవాళ్లంతా "అయ్యో, దెబ్బ తగిలిందా?" అని అడిగారు. కార్వాన్‌లో మా మెకానిక్ ఓదెలు ఒక్కడే జేబులోంచి సుద్దముక్క తీసి, "ఎంత స్పీడ్ మీద కుదిపింది సార్? మేడం బరువెంత?" అన్నాడు.

మా ఆవిడ అక్కడే ఉంది.

ఓదెలన్న అంటే అదీ. కొలవనిదే దేన్నీ నమ్మేవాడు కాదు. ఆయన దగ్గర గీతలున్న గాజు గొట్టం ఒకటి ఉండేది. దాన్ని తువ్వాలులో చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు డబ్బాలో పడుకోబెట్టేవాడు. ట్యాంకు మూతిదాకా నింపి, బార్కస్ దాకా వెళ్లొచ్చి, మళ్లీ మూతిదాకా నింపడానికి ఎన్ని గీతల పెట్రోలు పట్టిందో చూసి మైలేజీ చెప్పేవాడు. వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్ల బరువు, ఎదురుగాలి ఉంటే ఆ సంగతి, అన్నీ రాసుకునేవాడు. ఇరానీ హోటల్లో ఒక చాయ్ ఇద్దరం తాగితే ఆ పంపకమూ గొట్టంతోనే. పెట్రోలుకి వేరే గొట్టమని ఒట్టు పెట్టుకునేవాడు. నేను చాయ్ మానేశాను.

రైల్వేలో పనిచేసే ఇశ్రాయేలు ఒకరోజు, "నా బండి డెబ్బయి ఇస్తది అన్నా" అన్నాడు.

"కొలిచినవా?"

"కొలుసుడేంది? నడిపెటోణ్ణి, నాకు తెల్వదా?"

ఓదెలన్న కొలిచాడు. నలభై ఆరు. పేరుతో సహా షట్టర్ మీద సుద్దతో రాసిపెట్టాడు. ఇశ్రాయేలు నెల రోజులపాటు ఆ షట్టర్ ముందుకు రాకుండా రెండు సందులు చుట్టు తిరిగి ఇంటికెళ్లాడు. "గా తిరుగుడుకు మైలేజ్ ఇంక తగ్గుతది పాపం" అని ఓదెలన్న బాధపడ్డాడు.

ఇంట్లో ఆయన భార్య చంద్రమ్మ కూరలో చిటికెడు ఉప్పు వేస్తుంటే, "చిటికెడంటే ఎంత?" అని అడిగాడట. ఆ రాత్రి చంద్రమ్మ పళ్లెంలో ఒకే ఒక్క గ్లాసెడు అన్నం బోర్లించి, "కొలిచిన. తిను" అంది.

ఇలాంటి మనిషి దగ్గరికి నేనొక నల్ల డబ్బా పట్టుకెళ్లాను.

అప్పట్లో కార్బురేటర్ లేకుండా, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటరే చూసుకునే ఇంజెక్షన్ బండ్లు కొత్తగా వచ్చాయి. నాది అలాంటిదే. ఎలుక సంఘటన తర్వాత మా ఆవిడ తీర్పు చెప్పేసింది: "వచ్చే ఆదివారం అదే సందులోంచి తీసుకెళ్లండి. మళ్లీ కుదిపిందా, సోమవారం బండి అమ్మేయండి. ఇక జన్మలో మీ వెనక ఎక్కను." బండి పోతే పోనీ. మా పదిహేనేళ్ల సంసారంలో ఇద్దరం పోట్లాడుకోకుండా మాట్లాడుకునే చోటు ఆ బండి ఒక్కటే. గాలికి ఒకరి మాటలు ఒకరికి సగమే వినబడేవి.

అందుకని కోఠీలో ఒకాయన మాటలు విని, సెన్సర్ వైరుకి తగిలించే అగ్గిపెట్టంత నల్ల డబ్బా ఒకటి కొన్నాను. తగిలిస్తే చాలు, కుదుపు పోతుంది, పికప్ పెరుగుతుంది, మైలేజీ పెరుగుతుంది. అన్నీ దాని మీదే అచ్చువేసి ఉన్నాయి. తగిలించాను. మా ఆవిడకీ, ఆఫీసులో అందరికీ చెప్పేశాను. బండి మాత్రం కుదుపుతూనే ఉంది.

శనివారం పొద్దున్నే ఓదెలన్న ఆ డబ్బాని బండి నుంచి ఊడదీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు.

"గాలి ఎంత వేడిగున్నదో ఇంజన్‌కు చెప్పెతందుకు ఒక సెన్సర్ ఉంటది సార్. గీ డబ్బా దాని నోరు మూసి, 'ఇక్కడ మస్తు చలి' అని కంప్యూటర్‌కు అబద్ధం చెప్తది. చల్లగాలికి పెట్రోల్ ఎక్కువ గావాలె. అది పాపం నమ్మి పోస్తది. కార్వాన్ల ఉండి కాశ్మీర్ల ఉన్న అనుకుంటది."

"ఎక్కువ పోస్తే మంచిదేగా?"

"కొన్ని బండ్లకు జర నున్నగైతది, కాదంటలేను. కని పికప్ ఇస్త, మైలేజ్ గూడ ఇస్త అని రాసిండు. పెట్రోల్ ఎక్కువ పోసి మైలేజ్ ఎట్ల పెంచుతడు? కొలిచిండా?"

"అన్నా, నువ్వు కొలుచుకో. షట్టర్ మీద మాత్రం రాయకు. దీంతో బండి బాగైపోతుందని ఇంట్లో చెప్పేశాను. రేపు కుదిపితే మా ఆవిడ ఇక బండెక్కనంది."

"మీ మాట మేడం నమ్మిందా?"

"నా మాట నమ్మలేదు, నా డ్రైవింగూ నమ్మలేదు. డబ్బాని నమ్మింది."

ఓదెలన్న డబ్బాని సుద్దముక్క పక్కనే జేబులో వేసుకున్నాడు. "బండి పెట్టి పోండ్రి" అన్నాడు.

సాయంత్రం వెళ్లేసరికి డబ్బా బండికే ఉంది, నల్ల టేపు చుట్టి, పట్టీతో బిగించి. "ఎంత వచ్చింది?" అని అడిగాను.

"ఎక్కి చూడుండ్రి సార్."

ఓదెలన్న నోట అంకె లేని జవాబు వినడం అదే మొదటిసారి. ఎక్కాను. బండి వెన్నలా పోయింది.

ఆదివారం మా ఆవిడ నా భుజాన్ని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ధూల్‌పేట్ సందులో పెద్దాయన మమ్మల్ని చూసి, ముందుజాగ్రత్తగా ఎలుకని లోపలికి జరిపాడు. బండి కుదపలేదు. సందు దాటాక ఒక చెయ్యి తీసేసింది. కార్వాన్ చేరేసరికి రెండోదీ తీసి చీర సర్దుకుంటోంది. ఓదెలన్న ఆదివారమైనా షట్టర్ సగం ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"డబ్బా మంచిదే ఓదెలూ!" అంది మా ఆవిడ, బండి దిగకుండానే.

ఓదెలన్న నోరు తెరిచాడు. చేతిలో గొట్టం ఉంది. దాన్ని తుడిచి, తువ్వాలులో చుట్టేశాడు.

ఆ తర్వాత రెండేళ్లపాటు ఆఫీసులో ఆ డబ్బా గురించి నేను ఇవ్వని ఉపన్యాసం లేదు. నా మాట విని మా సెక్షన్ శ్రీహరిరావు కొనబోయి, ముందు ఓదెలన్నని అడిగాడు. ఓదెలన్న వేరే బండి మీద డబ్బాతోనూ, డబ్బా లేకుండానూ కొలిచి, అంకెలు షట్టర్ మీద రాసి, "వద్దు సార్" అన్నాడట. నా బండి అంత బాగా పోతుంటే ఈయనకి కుళ్లనుకున్నాను. సర్వీసుకి వెళ్లినప్పుడల్లా మాత్రం ఆయనది ఒకటే ప్రశ్న: "మేడం ఎక్కుతున్నదా?"

ఒకరోజు బార్కస్ దగ్గర గుంతలో చక్రం పడి పట్టీ తెగింది, డబ్బా మూత ఊడింది. లోపల ఉండాల్సిన సామానేదీ లేదు. రెండు వైర్లు నేరుగా కలిపేసి ఉన్నాయి. వాటి పక్కన మడతపెట్టిన చీటీ, ఓదెలన్న రాతలో.

"డబ్బాతోని: నలభై ఒకటి. కుదుపు అట్లనే ఉన్నది. డబ్బా తీస్తే: నలభై ఎనిమిది. ఇంజన్ మూతికాడి రబ్బరు గొట్టం చీలింది, కొలవని గాలి గుంజుతున్నది. మార్చిన. కుదుపు లేదు. ఎనక సీటు: రేపు మేడం. బరువు తెల్వదు."

చీటీ పట్టుకుని తిన్నగా కార్వాన్ వెళ్లాను.

"ఏమయ్యా ఓదెలన్నా! రెండేళ్లపాటు ఖాళీ డబ్బాని పట్టుకుని ఊరందరికీ పాఠాలు చెప్పాను. ఒక్క మాట నా చెవిలో వేస్తే నీ సొమ్మేం పోయేది?"

ఓదెలన్న చీటీ తీసుకుని, అంకెలు మరోసారి సరిచూసుకుని, నా వంక చూడకుండా అన్నాడు:

"గప్పుడే చెప్తే మేడం బండి దిగిపోతుండె సార్, ఎనక సీటు బరువు తగ్గితే నా లెక్కంత ఖరాబైతది."