నిశ్శబ్ద విమానాశ్రయంలో రెండు గంటలు

సూరత్‌లో ఉండే మా పెద్దమ్మకు మర్నాడు పొద్దున గుండె ఆపరేషన్. తమ్ముణ్ణి చూడందే బల్ల ఎక్కనని ఫోనులో పట్టుబట్టింది. ఆ తమ్ముడే మా మల్లయ్య మామ. ఆస్పత్రిలో రోగుల్ని చూడనిచ్చేది సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా. రైలుకు ఒక రోజు దాటుతుంది కాబట్టి విమానం టికెట్లు తీసుకున్నాం. మామకు తోడు నేను. మట్టెవాడ బట్టల దుకాణంలో పనిచేసే నాకు విమానాల సంగతేం తెలుసని అనుకోవద్దు. ఇరవై ఏళ్లుగా సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపినవాణ్ణి. విమానం ఎలా లేస్తుందో మూడు పుస్తకాల్లో చదివాను. దాన్ని ఎక్కడం ఎలాగో మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఉదయం ఏడున్నరకు వరంగల్‌లో రైలెక్కాం. స్టేషన్ ఘన్‌పూర్ వచ్చేసరికి ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి అయిపోయింది. పదింటికి సికింద్రాబాద్, అక్కడ విమానాశ్రయం బస్సు, పదకొండూ నలభైకి గమ్యం. సోదాలన్నీ ముగించుకుని పన్నెండుంబావుకు ఇరవై నాలుగో గేటు ముందు కూర్చున్నాం. విమానం రెండుంబావుకు. సూరత్‌కు ఆ రోజు అది తప్ప మరొకటి లేదు. రెండు టీలకు నాలుగు వందలు. "గిలాసలు గూడ ఇంటికి తీస్కపోవచ్చానే?" అని మామ అడిగితే టీ అబ్బాయి నవ్వలేదు.

ఎదురుగా పెద్ద బోర్డు: ఇది నిశ్శబ్ద విమానాశ్రయం, ప్రయాణికుల హాయి కోసం మైకులో ఏమీ చెప్పము, తెరలు చూసుకోగలరు. ఆ హాయి ఎలా ఉందో చెబుతాను. బోర్డు కింద ఒక టీవీ, దాని పక్కన కాఫీ గింజలు మరపట్టే యంత్రం. గ్రానైటు మీద చక్రాల పెట్టెలు గడగడలాడుతున్నాయి. నేల తుడిచే బండి ఒకటి మూలుగుతూ తిరుగుతోంది. ప్రతి రెండో కుర్చీలో ఒక ఫోను పాడుతోంది. అద్దం, రాయి, ఇనుము శబ్దాన్ని మింగవు, తిప్పికొడతాయి, మింగేది గుడ్డ. ఇది నేను చదివిన విషయం. అంత హాల్లో గుడ్డముక్క లేదు. మా కొత్తవాడలో నేసే జంపఖానాలు నాలుగు గోడలకు వేలాడదీసినా సగం గోల చచ్చేది. కాని వాళ్లు శబ్దాన్ని తగ్గించలేదు, పనికొచ్చే ఒక్క శబ్దాన్ని మాత్రం తీసేశారు.

పక్క కుర్చీ కుర్రవాణ్ణి ఫోను కొంచెం తగ్గించమన్నాను.

"హెడ్‌ఫోన్స్ కొనుక్కోండి అంకుల్. పెట్టుకుంటే ఏం వినపడదు," అన్నాడు తల ఎత్తకుండానే.

చప్పుడు అతనిది, ఖర్చు నాదట.

అంత గోలలో సుఖంగా ఉన్నది మామ ఒక్కడే. ముప్పై రెండేళ్లు పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసి సగం చెవుడు తెచ్చుకున్నాడు. "మా షెడ్డుకన్న నయ్యమే అల్లుడా. సల్లగ గూడ ఉన్నది," అన్నాడు. ఆ షెడ్డులో మాట వినపడదు. అక్కడివాళ్లు మూతులు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు.

ఒంటిగంటా నలభైకి, నేను పుస్తకంలో మునిగి ఉండగా, మామ నా భుజం తట్టాడు.

"లే అల్లుడా. మన గేటు మారింది. కింద ఆరంట."

"ఎవరు చెప్పిన్రు?"

"గా పిల్ల."

నలభై అడుగుల దూరంలో గేటు దగ్గరి అమ్మాయి ఇంకో ఉద్యోగితో మాట్లాడుతోంది. నాకు ఒక్క ముక్క వినపడలేదు.

"నీకెట్ల ఇనపడ్డది మామా?"

"ఇనుడెందుకు? మూతి కనపడ్తలేదా? నువ్వు సదువుకుంటనే ఉండు, విమానం పోతది. అక్క అక్కడ ఎదురుసూస్తాంది."

తెర చూశాను. అందులో నగల దుకాణం ప్రకటన నడుస్తోంది. పరుగున వెళ్లి ఆ అమ్మాయిని అడిగాను. "అవును సార్, స్క్రీన్ మీద వేశాం కదా. గేట్ సిక్స్. పావుగంటలో క్లోజ్," అంది.

హాల్లో చాలామంది కదలకుండా కూర్చున్నారు. ఉండబట్టలేక బస్సు కండక్టరులా అరిచాను: "సూరత్! సూరత్! గేటు మారింది, కింద ఆరు!"

పదిమంది దాకా దిగ్గున లేచారు. వాళ్లకంటే ముందు సెక్యూరిటీ ఆయన వచ్చాడు.

"సార్, అరవద్దు. ఇది సైలెంట్ ఎయిర్‌పోర్ట్."

అతని వెనుక టీవీలో ఎవడో గొంతు చించుకుంటున్నాడు. ఆ టీవీవాణ్ణి ఎవరూ ఆపలేదు.

మామ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. రెండింటికి ఐదు నిమిషాలుందనగా గేటు దాటాం, నాలుగింటికి సూరత్‌లో దిగాం, ఐదూ ఇరవైకి పెద్దమ్మ మంచం దగ్గరున్నాం. "గింత ఆలిశ్యమా పోరడా!" అని అరవై ఏళ్ల తమ్ముణ్ణి తిట్టి, చెయ్యి పట్టుకుని ఆరయ్యే దాకా వదల్లేదు. మర్నాడు నవ్వుకుంటూ బల్ల ఎక్కింది. ఆపరేషన్ బాగా జరిగింది.

మా వెనుక వెళ్లేవారికి నా సలహా ఇది. నిశ్శబ్ద విమానాశ్రయంలో పుస్తకం తెరవకండి, పది నిమిషాలకోసారి లేచి తెర చూడండి. కుదిరితే పవర్‌లూమ్‌లో పనిచేసిన మనిషిని వెంట తీసుకెళ్లండి.

నాలుగో రోజు తిరుగు ప్రయాణానికి మామ రైలే కావాలన్నాడు. మా పెట్టెలో ఒక పెళ్లి బృందం, మూడు పేకాట గుంపులు, ఇద్దరు ఏడ్చే పిల్లలు. ఈ గోలకంటే విమానం నయం కాదా అని మామ చెవి దగ్గర గట్టిగా అడిగాను.

"గా రోజు అక్కతోని గంట గూడ మాట్లాడలే. అయినా కడుపు నిండింది," అన్నాడు. "గా హాల్ల వెయ్యి మంది కూసున్నరు. ఒక్కడు ఒక్కనితోని మాట్లాడంగ సూడలే. మరి గంత సప్పుడు ఎవడు జేసిండు అల్లుడా?"