పైపులకు చొక్కా

మా బాబాయి ముప్ఫై ఏళ్ళుగా వడ్రంగి. ఎవరింటి వంటగదిలో పైపులు బయటికి కనిపించినా రెండు నిమిషాల్లో తేల్చేస్తాడు. గోడ మీద వేలితో గీత గీసి, "ఇక్కడిదాకా ప్లైవుడ్డు, ఇక్కడ చిన్న తలుపు, రేపు పొద్దున్నే వస్తా" అంటాడు. అంతటి మహానుభావుడి సొంత వంటింట్లో మాత్రం స్టవ్వు పక్కనున్న వేడినీళ్ళ పైపూ, దాని తోడు చన్నీళ్ళ పైపూ పదకొండేళ్ళుగా ఒంటి మీద నూలుపోగు లేకుండా నిలబడి ఉన్నాయి.

పిన్ని మోచేయి ఆ వేడి పైపుకి తగిలి రెండోసారి బొబ్బ లేచింది. మందు రాసుకుంటూ చాలా ప్రశాంతంగా చెప్పింది.

"ఏవండీ, ఆదివారంలోగా దీన్ని మూశారా, సరే. లేదంటే పెన్సిల్ మేస్త్రిని పిలుస్తా."

పెన్సిల్ మేస్త్రి పక్కవీధి వడ్రంగి. నిద్రలో కూడా చెవి మీది పెన్సిల్ తియ్యడని ప్రతీతి. వడ్రంగి ఇంటికి ఇంకో వడ్రంగి పనికొచ్చాడని తెలిస్తే బాబాయికి వీధిలో తలెత్తుకునే వీలుండదు. ముఖం మాడిపోయింది.

సోమవారం ఐదు రకాల పలకల ముక్కలు తెచ్చాడు. ఇంట్లో ఉన్న బకెట్లన్నీ వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో ముక్క ముంచి చీటీలు అంటించాడు. పూటకోసారి వచ్చి, డాక్టరు నాడి చూసినట్టు నొక్కి చూసేవాడు. మేమంతా చెంబులతో స్నానాలు. నేను ఊరుకోలేక, చెక్కపొట్టుతో చేసే ఎండీఎఫ్ ముక్క నానుతున్న బకెట్టు పక్కనే మగ్గులో ఒక బిస్కెట్టు నానేశాను. బాబాయి కోప్పడలేదు. వంగి చూసి, "ఎండీఎఫ్ కంటే నీ బిస్కెట్టే గంటసేపు ఎక్కువ ఆగింది" అన్నాడు సీరియస్‌గా.

గురువారానికి తీర్పులొచ్చాయి. ప్లైవుడ్డు అంచు విచ్చుకుంది. పీవీసీ నీళ్ళకి ఆగుతుంది కానీ వేడికి వంగుతుంది. అల్యూమినియం నీళ్ళలో బాగానే ఉంది, గోడకి ఆనించి చూస్తే పైపు కదిలినప్పుడల్లా గలగలమంటుంది. సిమెంటు బోర్డు రాయిలా ఉంది, కానీ బరువు.

"ఊళ్ళోవాళ్ళకి రెండు నిమిషాలు, నాకు పదకొండేళ్ళా?" అంది పిన్ని.

"వాళ్ళింట్లో మర్నాటి నుంచి నేనుండనుగా! ఇక్కడ రోజూ టీ తాగుతూ దాని మొహం చూడాలి."

"పదకొండేళ్ళుగా నా మొహం చూడట్లా? దీనికీ సర్దుకోండి."

ఆదివారం పొద్దున్నే పిన్ని కబురందుకుని పెన్సిల్ మేస్త్రి సంచీతో దిగాడు. బాబాయి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కానీ మేస్త్రి కళ్ళు బకెట్ల మీద పడ్డాయి.

"అన్నా, ఈ ప్లైవుడ్డు ఎన్ని రోజులు నాన్చావ్?"

"ఆరు."

"అంచుకి రంగు కొట్టి నాన్చాల్సింది!"

"కొట్టానయ్యా, రెండు పూతలు!"

అంతే. ఇద్దరూ బకెట్ల ముందు గొంతుక్కూర్చున్నారు. పరువు ప్రతిష్ఠలన్నీ ఏమైపోయాయో తెలీదు. పన్నెండయింది. స్టవ్వు వెలగలేదు. నా కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి.

పిన్ని వచ్చి చెయ్యి ముంచి సిమెంటు బోర్డు ముక్క పైకి తీసింది.

"ఇది ఉబ్బిందా?"

"లేదు" అన్నారిద్దరూ.

"వేడికి వంగుతుందా? మోగుతుందా?"

"లేదు వదినా, కాకపోతే బరువు..."

"నువ్వు మొయ్యవు, మీ అన్న మొయ్యడు, గోడ మోస్తుంది. ఎక్కడ కొయ్యాలో చూడండి."

ఇద్దరు మేస్త్రులు, కలిపి యాభై ఐదేళ్ళ అనుభవం, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

తర్వాత రెండు గంటల పనే. కట్టర్ బాబాయి ఎవరికీ ఇవ్వలేదు. "కావాలంటే ఆ చివర పట్టుకో" అన్నాడు మేస్త్రితో. ఆయన మహాప్రసాదంలా పట్టుకున్నాడు. ముందువైపు పలకని విప్పుకునేలా నాలుగు మరలతో బిగించారు. పిన్ని మోచేయి దానికి ఆనించి చూసి, స్టవ్వు వెలిగించి టీ పెట్టింది. అదే మెడలో దండ వేసినట్టు బాబాయి మురిసిపోయాడు.

వెళ్ళబోతూ మేస్త్రి గొంతు తగ్గించాడు.

"అన్నా, మా వంటింట్లోనూ పైపులు బయటే ఉన్నాయి. నాకూ తేలట్లేదు. వదిన ఒకసారి వస్తుందా?"

బాబాయి ఛాతీ విరుచుకున్నాడు.

"ఆవిడ చాలా బిజీ. ముందుగా చెప్పి టైము తీసుకోవాలి."