గ్యాలరీలో కట్టిన ఉయ్యాల

మా అమ్మాయికి ఆరేళ్లు నిండినా గుండీలు పెట్టుకోవడం రాలేదు. చెంచా నోటిదాకా వచ్చేలోపు సగం అన్నం ఒళ్లో పడేది. మాటలు మాత్రం గడగడా చెప్పేది. అదే దాని నేరమైంది.

"నోరు గంత నడుస్తది, చేతులకేం రోగం? బద్ధకం" అనేది మా అత్త. బడిలో టీచరమ్మ దాని వంకర రాతల పుస్తకం ఎత్తి చూపించి క్లాసంతటినీ నవ్వించింది. అడగడానికి వెళ్తే, "ఇంట్లో నేర్పరు, మా మీద పడతారు" అంది నా మొహం కూడా చూడకుండా.

పిల్లల డాక్టరేమో, పెద్దయితే అదే పోతుందన్నాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి విసుక్కుంటూ పెద్దాసుపత్రిలో థెరపీ విభాగానికి పంపాడు.

అక్కడి థెరపిస్టు దానిచేత గెంతించింది, బంతి పట్టించింది, పూసలు గుచ్చించింది. తర్వాత, మేం బతకొచ్చిన ఈ ఊరి హిందీలో చెప్పింది: "ఇది బద్ధకం కాదు. దీన్ని డిస్‌ప్రాక్సియా అంటారు. ఏం చేయాలో పిల్లకి తెలుసు. ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఒంటికి అందట్లేదు. మందు లేదు, సాధన చేయించాలి."

నాకు ఏడుపు రాలేదు. ఇన్నాళ్లూ దాన్ని తిట్టిన నోళ్లన్నీ గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఉయ్యాలలో బోర్లా పడుకోబెట్టి ఊపుతూ, నేల మీద బొమ్మలు ఏరించమంది. మా ఒంటిగది ఖోలీలో కాళ్లు చాపుకోవడానికే చోటు లేదు. అందుకని మా చాల్‌లో అన్ని ఖోలీల ముందూ సాగే గ్యాలరీ దూలానికి పాత చీర కట్టాను.

"గ్యాలరీ ఏమన్న మీ అయ్య జాగనా? గింత పెద్ద పోరికి ఉయ్యాలేంది?" అని పక్క ఖోలీ ఆమె నా మీదికి లేచింది. మర్నాడు పనినుంచి వచ్చేసరికి చీర కోసేసి నల్లా దగ్గర పడేసి ఉంది.

"లొల్లి ఎందుకు, ఇడిసెయ్" అన్నాడు మా ఆయన.

నేను నాగ్‌పాడా బజారుకు వెళ్లి బరువులు లాగే తాడు తెచ్చాను. అందరూ చూస్తుండగా దాంతో మళ్లీ ఉయ్యాల కట్టి, ఆమె ఇంటిముందు నిలబడ్డాను.

"నిన్న నేను లేనప్పుడు కోసినవ్. ఇయ్యాల నా ముంగట కొయ్యి."

తలుపు ధడాలున వేసుకుంది. ఇప్పటికీ మాటల్లేవు. నాకూ అక్కర్లేదు.

బడిలో హెడ్‌మాస్టర్‌తో కొట్లాడి వేరే టీచరు దగ్గరికి మార్పించాను. పాత టీచరమ్మ ఎదురైతే తల తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

ఏ పనైనా పైకి చెప్పుకుంటూ చేయడం దానికి థెరపిస్టే నేర్పింది. మొన్న గ్రాంట్ రోడ్‌లో బస్సెక్కుతూ, "చెయ్యి పట్టుకో, కాలు పెట్టు, ఇంకో కాలు" అని తనకు తానే చెప్పుకుంటోంది. "జల్దీ కరో!" అని వెనకనుంచి ఎవడో తొందరపెడుతూ అరిచాడు. నేను చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాను. అది ఎక్కేదాకా ఒక్కణ్ణీ కదలనివ్వలేదు.