జవాబులు లేని భజన పుస్తకం

నా చిన్నప్పుడు నాకు ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదిరేది కాదు. అమ్మ పంచిన బొబ్బట్లలో అన్నయ్యదే పెద్దదని అనుమానం. పాలాయన నన్ను చూడగానే చెంబు పక్కకు తిప్పుతున్నాడని అనుమానం. పోలీసుల ఇంట్లో పుట్టాల్సిన పిల్ల దారి తప్పి మనింటికి వచ్చిందని నాన్న నవ్వేవాడు. ఆ బుద్ధి ఇప్పటికీ పూర్తిగా పోలేదు గానీ, దానికి కళ్ళెం పడింది మాత్రం నా పదో ఏట, ఒక ఆదివారం నాడు.

తొంభైల మొదట్లో మేము కన్నడనాట, కె.ఆర్.పురం రైలు స్టేషనుకు దగ్గరలో ఉండేవాళ్ళం. తాతయ్య ఊరు వదిలి మా దగ్గరికి వచ్చేటప్పుడు ప్రాణంగా వెంట తెచ్చుకున్నది ఒక్కటే, వాళ్ళ నాయన చేత్తో రాసుకున్న భజన పుస్తకం. మదనపల్లె వైపు పల్లెలో ఆ ముత్తాత భజన గుంపు నడిపేవాడట. పాటలన్నీ ఆయనే కట్టాడట. పైకి దేవుడి పాటలే అయినా అవన్నీ దేశం కోసం కట్టినవని, తెల్లదొరల కాలంలో రాత్రిళ్ళు పల్లెలు తిరిగి పాడేవాళ్ళని తాతయ్య ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. ఆ ఒక్క మాటను మాత్రం నేను అనుమానించకుండా నమ్మాను. అది నాకే ఆశ్చర్యం.

బడిలో ఆగస్టు పదిహేనుకు దేశభక్తి గీతం ఎవరు పాడతారని అడిగితే, మా ముత్తాత కట్టిన పాటే ఉందని గొప్పగా చెయ్యెత్తాను. మా టీచరమ్మ కన్నడం మనిషి, కానీ తెలుగు బాగా వచ్చు. పుస్తకం తెప్పించుకుని రెండు మూడు పుటలు తిప్పింది. "ఇది దేవరనామ కదమ్మా, దేవుడి పాట. దేశం ఎక్కడుంది ఇందులో?" అంది. సోమవారంలోగా చూపించకపోతే నా పేరు కొట్టేస్తానంది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఇంటికొచ్చి నేనూ చూశాను. నిజమే, దేశం ఊసే లేదు. పాటంతా కృష్ణుడిని అడిగే ప్రశ్నలే. "మందలో పాలెవరు తాగిరి కృష్ణా, గాదెలో గింజెవరు మింగిరి కృష్ణా" అని వరసగా అడగడమే తప్ప, పాలు తాగిందెవరో గింజ మింగిందెవరో ఎక్కడా చెప్పలేదు. తాతయ్యను నిలదీస్తే తొణకలేదు. "జవాబులు మనింట్లో లేవమ్మా. అవి ఉండేచోట ఉండాయి. ఆదివారం రానీ" అన్నాడు.

ఆ మాటతో నాలో పోలీసు లేచాడు. ఆదివారం మా ఇంటికి వచ్చేది ఒక్కరే, సాయిబు తాత. తాతయ్య ఊరివాడే, చిన్ననాటి జోడీ. ఊరికి ఆ చివర పీణ్యలో, ఒక చిన్న మెషీన్ షాపులో ఇనుము చెక్కే లేతు మిషను నడిపేవాడు. సెలవు రోజున రెండు బస్సులు మారి వచ్చేవాడు. వచ్చాక ఇద్దరూ ఆ పుస్తకం ముందు పెట్టుకుని గొంతు తగ్గించి ఏదో కూనిరాగం తీస్తుండేవాళ్ళు. నేను దగ్గరికి వెళ్తే ఆపేసేవాళ్ళు. పుస్తకం కుట్టు కూడా మధ్యలో వదులైంది. ఇంకేముంది, జవాబులున్న కాగితాలు ఆయనే లాగేసుకున్నాడని తేల్చేశాను. అలా తేల్చకపోతే తాతయ్య అబద్ధం చెప్పాడని ఒప్పుకోవాలి. అది నావల్ల కాదు. అందుకే తప్పంతా బయటి మనిషి మీదికి తోశాను.

ఆదివారం ఆయన వచ్చి, సంచి గోడవారగా పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను సంచి విప్పి చూశాను. ఖాళీ టిఫిన్ డబ్బా, నూనె మరకల గుడ్డ, మడిచిన నమాజు టోపీ. అంతే. తలెత్తేసరికి ఎదురుగా ఆయనే.

"ఏం వెతుకుతుండావమ్మా?"

"మా తాతయ్య పుస్తకంలో జవాబులు నువ్వే చింపుకొనిపోయినావు" అన్నాను.

తాతయ్య ముఖం నల్లబడింది. నా మీద చెయ్యెత్తాడు, జీవితంలో ఒకే ఒక్కసారి. సాయిబు తాత ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "పాప చెప్పింది నిజమేన్నా. జవాబులు మా తావనే ఉండాయి కదా" అన్నాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పుస్తకంలో మొదటి ప్రశ్న పాడమన్నాడు. ఏడుపు గొంతుతోనే పాడాను. ఆయన కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేస్తూ అందుకున్నాడు.

"ఓడెక్కి వచ్చిన దొరలయ్యా, ఒక్క చుక్క మాకు మిగల్లేదయ్యా."

పాలు తాగిందెవరో అప్పుడు తెలిసింది. భజనలో ముందు పాడేవాడు ఒకడు, అందుకునేది గుంపు. మా ముత్తాత ప్రశ్నలను మాత్రమే కాగితం మీద పెట్టాడు. పోలీసులు ఇల్లు సోదా చేసినా కృష్ణుడి పాట తప్ప ఏమీ దొరకదు. జవాబులు కట్టి, గుంపుకు నేర్పింది సాయిబు తాత వాళ్ళ నాయన. ఆయన నమాజు ముగించుకుని వచ్చి భజనలో కూర్చునేవాడట, పీర్ల పండుగకు మా ముత్తాత పీరు ఎత్తేవాడట. ఒక ఇంటివాళ్ళు రెండో ఇంటి సగం పాడకూడదని వాళ్ళలో వాళ్ళకొక కట్టుబాటు. తాతయ్యకు ఆ జవాబులన్నీ తెలుసు. అయినా నోరు విప్పలేదు, సాయిబు తాత వచ్చేదాకా ఆగాడు.

సోమవారం బడిలో, దేశం జవాబుల్లో ఉందని, అవి పండుగ రోజే వినిపిస్తానని చెప్పి నా పేరు నిలుపుకున్నాను. ఆగస్టు పదిహేనున సాయిబు తాత ఉతికిన చొక్కా వేసుకుని మా బడికి వచ్చాడు. టీచరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఈయనెందుకని అడిగింది. పాటలో సగం ఈయనదేనని చెప్పాను. నేను ప్రశ్న పాడాను, జనం వెనకనుంచి ఆయన గొంతు లేచింది. మొదట నవ్విన పిల్లలు మూడో ప్రశ్నకు ఆయనతో కలిసి "దొరలయ్యా" అని అందుకున్నారు. తాతయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకోవడం నేను వేదిక మీదనుంచి చూశాను. దిగగానే వెళ్ళి సాయిబు తాత కాళ్ళకు దణ్ణం పెట్టాను. సంచి సంగతి ఆయన ఆనాడూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. తనకు మగపిల్లలూ ఆడపిల్లలూ ఉన్నా ఎవరూ కూర్చుని నేర్చుకోలేదని, ఆ ఏడాదంతా ఆదివారాలు వచ్చి తన సగం నాకు అప్పగించాడు. కట్టుబాటు తప్పుతున్నామేమో అని తాతయ్య గొణిగితే, పాపది ఇప్పుడు రెండిళ్ళూ అన్నాడు.

ఇద్దరూ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ నాకు అనుమానం ఎక్కువే. కానీ ఏదైనా కనిపించకపోతే ఎవరు తీశారని ముందుగా అడగను, ఎవరిని నమ్మి దాచమన్నారో అని ఆగుతాను. దొంగ అని నేను వేలు చూపిన మనిషి, నన్ను నమ్మి తన సగం నా చేతిలో పెట్టి పోయాడు. ఆ సిగ్గు నాలో ఇంకా పచ్చిగానే ఉంది. పాట పదిలంగా ఉండాలంటే జవాబులు రాసి ఫోనులో పంపమని మా పిల్లలు పోరుతుంటారు. ఇక్కడ ఒక్కటి రాశాను. మిగిలినవి కావాలంటే, ఎవరైనా వచ్చి నా ఎదురుగా కూర్చుని ప్రశ్న పాడాలి.