బ్యాగులో పట్టని కంప్యూటరు

పేరుకి లాప్‌టాప్ నాదే. నా చేతిలో ఉన్న పూటలు మాత్రం తక్కువ. మా ఆయన అనంతగిరి పైనున్న ఒక చిన్న ఊళ్ళో సర్కారు బడి మాస్టారు. పిల్లల హాజరు దగ్గర్నుంచి అన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, బడిలో ఉన్న కంప్యూటరేమో ఎప్పుడో మూలపడింది. దాంతో పొద్దున్నే నా లాప్‌టాప్ ఆయన బ్యాగులో పడి బడికి పోయేది. సాయంత్రానికి చార్జింగ్ అయిపోయి ఇంటికొచ్చేది. అప్పటికి నా పరిస్థితీ అదే.

నేను ఇంట్లో కూర్చుని టైపు చేస్తాను. కింద మైదానంలో ఒక ప్రెస్సు ఉంది. వాళ్ళు చేతిరాత కాగితాలు ఫోటోలు తీసి ఫోన్‌కి పంపుతారు, నేను టైపు చేసి ప్రూఫు దిద్ది పంపుతాను. ఈ కొండల్లోకి కాపురానికొచ్చాక నాకంటూ మిగిలిన పని అదొక్కటే. పోయిన వానాకాలంలో ఒక పెద్దాయన పుస్తకం రెండుసార్లు ఆలస్యం చేశాను. ప్రెస్సాయన కోప్పడలేదు. "నెలాఖరికి అవ్వకపోతే ఈ పుస్తకమే కాదు, పనంతా ఇంకొకరికి ఇచ్చెత్తానమ్మా. ఏటనుకోకు," అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

అప్పుడే ఆల్ ఇన్ వన్ కొనాలని పట్టుబట్టాను. అంతా తెరలోనే ఇమిడిపోతుంది, వేరే డబ్బా ఉండదు, మా బుల్లి బల్ల మీద సరిపోతుంది అని అందరికీ చెప్పాను. అవన్నీ నిజాలే. అసలు సంగతి, అది బ్యాగులో పట్టదు.

విశాఖపట్నంలో రెండు దుకాణాలు తిరిగేసరికి నా మోకాళ్ళు పోయాయి. టైపు చేసేది నేనైతే, దుకాణాలవాళ్ళు మాట్లాడేది మా ఆయనతో. రెండో దుకాణంలో కుర్రాడు ఏ ఊరని అడిగాడు. చెప్పగానే, కొండమీద కరెంటు ఉండదు కదా సార్, బ్యాటరీ ఉంటుంది, లాప్‌టాపే మేలన్నాడు. ఆ మాట నిజమే, అందుకే నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, మళ్ళీ దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది.

మా ఆయన నావైపు తిరిగి, "కరెంటు పోతే దీన్ని ఏటి సేసుకుంటావు? ఎక్కడికీ పట్టుకెళ్ళడానికి కూడా అవ్వదు," అన్నారు.

"అవ్వకూడదనే," అన్నాను.

ఆయన ధర చీటీ తిప్పి చూశారు. అర్థమైందో లేదో నేనూ అడగలేదు. ఒక్కో తెర మీద రెండేసి తెలుగు వాక్యాలు కొట్టి, ఒత్తులు కళ్ళజోడు లేకుండా కనిపిస్తున్నాయో లేదో చూసుకున్నాను. ఇరవై నాలుగు అంగుళాలది నచ్చింది. కరెంటు పోయాక ఫైలు సేవ్ చేసుకునేంతసేపు ఆగే యూపీఎస్ ఒకటి తీసుకున్నాం. మూడో దుకాణం చూసే ఓపిక నాకు లేదు.

బస్సులో పెట్టె పైన పట్టలేదు. మోకాళ్ళ మధ్య నిలబెట్టి, ఘాట్ రోడ్డు పొడుగునా కావలించుకుని కూర్చున్నాను. ప్రతి మలుపుకీ అది నా మీదికి ఒరిగేది. పక్కన మా ఆయన యూపీఎస్ ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోయారు. కాళ్ళు తిమ్మిరెక్కినా, నాకు సంతోషంగానే ఉంది.

వారం రోజులు పని బాగా సాగింది. తర్వాత ముసురు పట్టుకుంది. పగలంతా కరెంటు లేదు, వస్తే సాయంత్రమే. సాయంత్రమైతే ఆయన ఇంట్లో ఉంటారు. లాప్‌టాప్ బ్యాగులోనే ఉన్నా, పెద్ద తెర మీద కళ్ళకి హాయిగా ఉందట. రెండు నిమిషాలని కూర్చుని, నేను అన్నం వార్చేదాకా లేచేవారు కాదు. ఒకరోజు తోటి మాస్టార్లిద్దర్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. వాళ్ళు కంప్యూటరు బాగుందని మెచ్చుకున్నారు. నేను టీలు పెట్టాను.

నెలాఖరి రోజు వచ్చింది. ఇంకా పదకొండు పేజీలున్నాయి. పొద్దుటినుంచీ కరెంటు కోసం చూసి చూసి, అయిదు గంటలకి దీపం వెలగ్గానే స్టవ్ ఆపి, చేతులు కడుక్కుని వచ్చాను. ఆయన అప్పటికే కుర్చీలో ఉన్నారు. వెనకాల నిలబడ్డాను. తిరిగి చూడలేదు. పావుగంట అయింది.

"లెగండి. నా పని ఉంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన వెంటనే లేచారు. ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కదా. సెప్తే లాప్‌టాప్ కూడా ఇంట్లోనే వదిలేసీవోణ్ణి," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళూ నేను చెప్పకపోవడం తప్పో, ఆయన అడక్కపోవడం తప్పో తేల్చుకునే ఓపిక ఆ పూట లేదు. పదకొండు పేజీలున్నాయి. కూర్చున్నాను.