విరగని కొయ్యచేప

మా కుర్చీల కార్ఖానాలో కర్రని గిరగిరా తిప్పి గుండ్రంగా చెక్కే లేతు మిషను మీద పనిచేసే ఆవిణ్ణి అందరూ లేతక్క అనేవాళ్ళు. పేరే లేత, మనిషి మాత్రం ముదురు అని యజమాని ఆవిడ వినేలాగే హాస్యమాడేవాడు. ఆవిడ తల ఎత్తేది కాదు. ఉలి ఆనించి కుర్చీ కాలు తిప్పుతుంటే కర్ర పొరలు చుట్టలు చుట్టలుగా లేచి మోచేతుల మీద పడేవి. పక్కనే నా బల్ల. ఆవిడ తిప్పిన కాళ్ళకు నేను పలకలు బిగించేవాణ్ణి. అలా పక్కపక్కన పనిచేస్తూనే మా ఇద్దరి జుట్టూ నెరిసింది.

ఆవిడకి ఒక తమ్ముడు. వాడు తప్పటడుగులు వేస్తున్న రోజుల్లోనే తల్లి పోయింది. తండ్రి అంతకుముందే ఎటో వెళ్ళిపోయాడు. అక్కే అన్నీ అయి పెంచింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, ఉన్న ఒక్కణ్ణి పెంచడానికే రెండు చేతులూ చాలడం లేదు, ఇంకొకణ్ణి ఎక్కడ పెంచను అనేది. ఆవిడ తమ్ముడూ తమ్ముడూ అని పిలవగా పిలవగా ఊరందరికీ వాడు తమ్ముడే అయిపోయాడు. పళ్ళూడిన ముసలివాళ్ళు కూడా తమ్ముడనే పిలిచేవాళ్ళు. వాడు పలికేవాడు.

పెద్దయ్యాక వాడికి నది దాటించే లాంచీ మీద పని దొరికింది. పగలంతా జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించడం, ఆఖరి ట్రిప్పు అయ్యాక చిన్న పడవ వేసుకుని ఆనకట్ట దిగువన ఉన్న మడుగులోకి పోవడం. ఆ మడుగులో వాలుగ చేపలు ఉండేవి. మనిషంత పొడవుంటాయి. నోరు తెరిస్తే లోపల ఇనప బ్రష్షులా పళ్ళు. వానపాము గుచ్చిన గాలానికి అవి లొంగవు, ఎదురుగా పారిపోయే చేప కావాలి వాటికి. అందుకని కొయ్యతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన బొమ్మచేపను దారానికి కట్టి విసురుతారు. లాగుతుంటే అది నీళ్ళలో ప్రాణమున్నదానిలా ఊగుతుంది. వాలుగ నిజమనుకుని మింగుతుంది. బొమ్మ కడుపు కింద ఒకటి, తోక దగ్గర ఒకటి, మూడేసి ముళ్ళ గాలాలు ఉంటాయి.

చిక్కల్లా ఏమిటంటే, కొట్లో దొరికే బొమ్మలు వాలుగ ముందు బతికి బట్టకట్టేవి కావు. ప్లాస్టిక్‌వి ఒక్క కొరుకుతో పిగిలిపోయేవి. కొయ్యవాటికి దారం కట్టే కొక్కెం మర ఊడి వచ్చేసేది. గాలాలు గుండుసూదుల్లా సాగిపోయేవి. ప్రతిసారీ తమ్ముడు ఆ ముక్కలు పట్టుకొచ్చి అక్క బల్ల మీద పోసేవాడు. చూడక్కా, ఈసారి తలకాయ మిగిల్చింది, దయగల చేప అనేవాడు. వాడు అలా నవ్వుతుంటే ఆవిడకి ఒళ్ళు మండేది. చేప మీద కాదు, ఆ బొమ్మ చేసిన చేతుల మీద. ఇంత చేతకాని పని ఎవరు చేశారో అని తిట్టుకునేది.

కొంతకాలానికి తానే మొదలుపెట్టింది. మధ్యాహ్నం అందరం తిని కాస్త నడుం వాలుస్తుంటే ఆవిడ మిషను మీద చేపలు తిప్పేది. ముందు గట్టి కర్రతో చేసింది. గట్టివి విరగలేదు గానీ రాయిలా మునిగిపోయాయి, ఊగవు, వాలుగ కన్నెత్తి చూడలేదు. తేలిక కర్రతో చేసినవి భలే ఊగాయి, చేప కూడా వెంటనే పట్టింది, పట్టిన వెంటనే రెండు ముక్కలు చేసింది. గట్టిగా ఉంటే ఈదదు, ఈదితే నిలవదు. ఈ పీటముడి విప్పడానికి ఆవిడ ఎన్ని చెక్కలు తగలేసిందో. కార్ఖానాలో ఎవరు కొత్త రకం కర్ర తెచ్చినా మొదటి ముక్క ఆవిడ తీసుకునేది. యజమాని చూసీ చూడనట్టు పోయేవాడు.

ఒకరోజు ఉన్నట్టుండి మిషను ఆపేసి, నా వైపు తిరిగి, కర్రని ఎందుకయ్యా నమ్ముకోవడం అంది. నాకేం అర్థం కాలేదు. తేలిక కర్ర చేపను నిలువునా రెండు చీలికలు చేసి, మధ్యలో గాడి తీసి, మూతి నుంచి తోక దాకా ఒకటే ఉక్కు తీగ పరిచింది. దారం కట్టే కన్ను, గాలాలు తగిలించే కళ్ళు, అన్నీ ఆ ఒక్క తీగలోంచే వంచి తీసింది. తీగ మీద రెండు చీలికలూ మూసి జిగురు పెట్టి బిగించింది. కర్ర వట్టి చొక్కా మాత్రమే, చొక్కా చిరిగినా మనిషి మిగులుతాడు అంది. గాలాలకు కమ్మరి చేత మందపాటివి కొట్టించింది. తర్వాత దాన్ని దూలానికి వేలాడదీసి కింద ఇసుక బస్తా కట్టింది. మేమందరం పని మానేసి చూశాం. యజమాని వచ్చి, నా దూలం విరుగుతుందేమో గానీ నీ చేప విరిగేట్టు లేదు అన్నాడు. ఆ రోజు లేతక్క పళ్ళు కనబడేలా నవ్వడం చూశాను. అంత మనిషికి అలాంటి నవ్వు ఉందని ఎవరూ అనుకోలేదు.

అలాంటివి నాలుగైదు చేసి తమ్ముడికిచ్చింది. వాడు వాటితో వాలుగలు పట్టాడు, పట్టి వదిలేసేవాడు కూడా. ఎర ఒంటి నిండా పంటి గాట్లు, రంగంతా లేచిపోయి ఉండేది, లోపల తీగ మాత్రం తీగే. వాడు ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ చూపించేవాడు, మా అక్క చేసిందని.

అప్పటికి వాడికి పెళ్ళయి ఏడాది కూడా కాలేదు. భార్య నెమ్మదైన పిల్ల, ఇంట్లోనే ఉండి కుర్చీలకు పేము బద్దలు, అదే బెత్తు, అల్లేది. లేతక్కను వదినా అని పిలుస్తూ వెనకాలే తిరిగేది. ముగ్గురూ ఒకే ఇంట్లో, రెండు గదుల్లో ఉండేవాళ్ళు.

ఆ సాయంత్రం కూడా వాడు ఎప్పటిలాగే మడుగులోకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. తెల్లారాక లాంచీ నడిపే ముసలి సరంగు దాన్ని వేసుకుని వెతకడానికి పోయాడు. పడవ బోర్లాపడి ఉంది. తమ్ముడు మునిగిన చెట్టు కొమ్మల దగ్గర, నీళ్ళ కింద దొరికాడు. పెద్ద వాలుగే పట్టింది. లాగుడికి దారం చుట్టే రీలు కర్ర నుంచి ఊడి నీళ్ళలో పడిపోయినట్టుంది. దారం జారిపోకుండా వాడు ముంజేతికి చుట్టుకున్నాడు. అది చేత్తో తెంపితే తెగే దారం కాదు. చేప పడవ కిందుగా పోయి ఆ కొమ్మల్లోకి దూరింది, వాణ్ణి కూడా లాక్కుపోయింది. సరంగు వెళ్ళేసరికి దారం అటు చివర చేప ఇంకా బతికే ఉందట.

సరంగు నేరుగా కార్ఖానాకే వచ్చాడు. అప్పటికి మేం ఇంకా మిషన్లు ఆన్ చేయలేదు. తమ్ముడి భార్య వదిన చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, కబురు కోసం. సరంగు తలపాగా తీసి జరిగింది చెప్పాడు. వాడు పోయాడని, ఎలా పోయాడని, దారం చుట్టుకుందని.  లేతక్క సరంగు మొహంలోకి చూసి అడిగింది.

"ఎర విరిగిందా?"

సరంగు, "లేదమ్మా. చెక్కు చెదరలేదు," అన్నాడు.

ఆవిడ మొహంలో అప్పుడు ఏదో వెలిగి ఆరిపోయింది. రెప్పపాటే. పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. ఆ పిల్ల కూడా చూసింది. వదిన చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుంది. ఆ తర్వాత లేతక్క మిషను కాళ్ళ దగ్గర కూలబడి కడుపులోంచి ఏడ్చింది. ఆ ఏడుపు మనిషి ఏడుపులా లేదు. కానీ ఆ పిల్ల ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు.

వాడి సామాన్ల పెట్టెలో కత్తి ఉండుంటే దారం కోసుకుని బయటపడేవాడని సరంగు చాలాసార్లు అన్నాడు. లాంచీవాళ్ళందరూ పెట్టెలో కత్తి ఉంచుకుంటారు. తమ్ముడూ ఉంచుకునేవాడే. పడవ తిరగబడ్డప్పుడు నదిలో పడిపోయి ఉంటుందిలే అనుకున్నారు.

అన్నీ ముగిశాక, ఇల్లు ఖాళీ అయ్యాక, ఆ పిల్ల వదినతో ఒకే ఒక్క మాట అంది. "నీ ఎర విరిగి ఉంటే ఆయన తిట్టుకుంటూ ఇంటికొచ్చేవాడు వదినా." అనేసి తన గది తలుపు వేసుకుంది. ఈ మాట లేతక్కే నాకు చెప్పింది. దాని మాటలో తప్పేముందయ్యా అని కూడా అంది.

తర్వాత జరిగింది ఇంకా ఘోరం. ఆ ఎర పేరు నది పొడుగునా పాకిపోయింది. మనిషిని ముంచేసి కూడా విరగలేదట అని చెప్పుకున్నారు. ఎక్కడెక్కడి నుంచో గాలపు కర్రలు భుజాన వేసుకుని కార్ఖానాకు వచ్చేవాళ్ళు, అలాంటిది చేసిపెట్టమని. పాపం వాళ్ళలో చాలామందికి చనిపోయింది ఈవిడ తమ్ముడని తెలియదు. తెలిసినవాళ్ళూ వచ్చారు. వాళ్ళు రాగానే ఆవిడ మిషను ఆన్ చేసేది. ఆ మోతలో వాళ్ళ మాట వినబడదు. ఎంతసేపు నిలబడితే అంతసేపు తిప్పేది. ఒకోసారి ఉలి కింద కర్ర అరిగి అరిగి పుల్లయిపోయేది. చివరికి చేపల సామాన్ల కొట్టువాడు ఎవరి దగ్గరో ఒకటి సంపాదించి, చీల్చి చూసి, అలాంటివే చేయించి కొట్టు ముందు వేలాడదీశాడు. లేతక్క ఆ వీధి మానేసి చుట్టుదారిన ఇంటికి పోయేది. అవి కూడా విరగడం లేదట గదా అని ఒకసారి నన్ను అడిగింది. లేదని చెప్పాల్సి వచ్చింది.

కడుపు ఊరుకోదు కదా. ఆ పిల్ల కూడా బెత్తు అల్లడానికి మా కార్ఖానాలోనే చేరింది. ఇద్దరూ ఒకే ఇంట్లోంచి వచ్చేవాళ్ళు, వీధికి చెరో పక్కన నడుస్తూ. ఒకే కప్పు కింద పనిచేసేవాళ్ళు. మాట లేదు. ఏదైనా చెప్పాలంటే మధ్యలో నేను. "ఆవిడ తిప్పిన కాలు పొట్టిగా ఉందని చెప్పండి," అని ఈ పిల్ల. "బెత్తు నానకుండా అల్లితే రేపు తెగుతుందని చెప్పు," అని లేతక్క. ఇద్దరి మధ్యా పట్టుమని పది అడుగులు లేవు. నేను అటు తిరిగి ఒక మాట, ఇటు తిరిగి ఒక మాట చెప్పి చెప్పి మెడ నొప్పి పుట్టేది. నవ్వొచ్చేది కాదు.

చాలా రోజులు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు బయటికి వెళ్ళారు. నేను జిగురు ఆరేదాకా కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. ఆ పిల్ల లేచి వచ్చి లేతు పక్కన నిలబడింది. గుడ్డలో చుట్టినదేదో తీసి బల్ల మీద పెట్టింది. కత్తి. చెక్కపిడి మీద లాంచీ రంగు మరకలు.

వాడు పోయిన రోజు ఉదయం కిటికీ గడియ బిగుసుకుపోయిందట. దాన్ని ఎత్తడానికి వాడి పెట్టెలోంచి కత్తి తీసిందట. గడియ వచ్చింది, కత్తి కిటికీలోనే పెట్టి మరిచిపోయింది. వాడు హడావిడిగా పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. కబురు వచ్చాక ఇంటికి పోయి చూస్తే అక్కడే ఉంది. బియ్యం డబ్బా అడుగున దాచేసింది.

"నీ మీదకి తోసేశాను వదినా," అంది. "నాకు మొయ్యడానికి చేతకాలేదు."

 లేచి వెళ్ళిపోదామంటే చేతిలో కుర్చీ. లేతక్క కత్తి చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు ఆనించి చూసింది. పదునుగానే ఉంది.

"కత్తి ఉన్నా వాడు కోసేవాడు కాదమ్మా," అంది. "నేను చేసిన ఎరని నదిలో వదిలేసి ఇంటికి రావడం వాడి వల్ల అయ్యే పని కాదు. నీకు వాడితో ఏడాది కాలేదు. వాణ్ణి పెంచింది నేను. నాకు తెలుసు."

"నిజంగానా?"

"నిజం."

ఆ పిల్ల ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చింది. లేతక్క ఆ తల మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో జుట్టులో ఇరుక్కున్న బెత్తు పీచులు తీస్తూ కూర్చుంది.

ఆ మర్నాటి నుంచి ఇద్దరూ వీధిలో ఒక పక్కనే నడిచి వచ్చారు. నా మెడ బాగుపడింది. ఆ పిల్ల మొహంలో రక్తం వచ్చింది, అప్పుడప్పుడు పక్కవాళ్ళతో నవ్వడం కూడా వినబడేది. కానీ లేతక్క మాత్రం చిక్కిపోతూ వచ్చింది. ఒకరోజు ఆగలేక అడిగాను, తమ్ముడు నిజంగా కోసుకునేవాడు కాదా అని.

ఆవిడ మిషను ఆపలేదు. మొదటి ఎర చేసి ఇచ్చిన రోజే అది మడుగులో ఏదో దుంగకి పట్టుకుందట. వాడు ఇట్టే దారం కోసేసి, ఎర అక్కడే వదిలేసి వచ్చాడట. "నవ్వుతూ వచ్చాడయ్యా. పోతే పోయింది, ఇంకోటి చెయ్యక్కా అన్నాడు," అంది. ఈ మాట దానికి తెలియనివ్వకు అంది.

 చిన్నదానికి ఇంకా బతుకు ఉందని ఆవిడ ఆ బరువు మొత్తం తన తల మీదికి ఎత్తుకుంది. అది పంచుకోవడానికి కూడా వీల్లేని బరువు. పంచుకుంటే అబద్ధం బయటపడుతుంది.

తర్వాత కొన్నాళ్ళకు ఆవిడే పట్టుబట్టి మరదలికి మళ్ళీ పెళ్ళి చేసింది. మా దగ్గర వార్నీషు వేసే అతనితో, మంచివాడు. వాళ్ళు రెండు వీధుల అవతల కాపురం పెట్టారు. ఒక ఆడపిల్ల పుట్టింది. ఆదివారాలు ఆ పాప లేతక్క దగ్గరే ఉంటుంది, అత్తా అత్తా అని చెంగు వదలదు. దానికి బొంగరాలు, గిలకలు, బొమ్మ కుర్చీలు అన్నీ లేతు మీద తిప్పి ఇస్తుంది. కానీ లాంచీ చూపించమని ఆ పాప ఎప్పుడు మారాం చేసినా, మోకాళ్ళ నొప్పులమ్మా, అంత దూరం నడవలేను అంటుంది.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు లేవు. రోజంతా నిలబడే పనిచేస్తుంది.