తాతయ్య వైపు తాడు

నాకప్పుడు పదేళ్లు. మా కంప్యూటర్‌కి అప్పట్లో ఒక ముసుగు ఉండేది... ఉప్పుగాలి తగిలితే పాడైపోతుందని నాన్నమ్మ పాత చీరతో అమ్మ కుట్టింది. ఆ ముసుగు తీసే హక్కు ఇంట్లో ఒక్కరికే. మా పెదనాన్న కొడుకు, రవి భయ్యాకి.

ఒక మధ్యాహ్నం భయ్యా మా దీవిలోని అబర్డీన్ బజార్ నుంచి ఒక వైరు కొనుక్కొచ్చాడు. ఒక కొస టేప్ రికార్డర్‌కి, ఇంకో కొస కంప్యూటర్‌కి. తాతయ్య పోయి ఏడాది కావస్తోంది. ఆయన సంవత్సరీకానికి, నాన్నమ్మా ఆయనా పాడిన పాటను సీడీ చేసి చుట్టాలకు పంచాలని పెదనాన్న కోరిక.

ఆ పాట సంగతి చెప్పాలి.

వాళ్లిద్దరూ శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చినవాళ్లు. ఒడ్డుకు లాగే పెద్ద వలకు రెండు తాళ్లుంటాయి. ఇటు తాడు దగ్గర కొందరు, అటు తాడు దగ్గర కొందరు, మధ్యలో బోలెడు ఇసుక. ఇటువాళ్లు ఒక మాట పాడతారు. అటువాళ్లు బదులిస్తారు. బదులు వచ్చాకే లాగాలి... లేదంటే వల ఒక పక్కకు ఒరిగిపోయి చేప జారిపోతుంది.

నాన్నమ్మ ఇటు తాడు. తాతయ్య అటు తాడు.

"తూరుపు కెరటం వచ్చిందో..." అని ఆవిడ.

"రానీ... రానీ!" అని ఆయన.

నాన్న ఫీనిక్స్ బే రేవులో ఫెర్రీ మీద పనిచేసేవారు. సెలవు రోజున ఇద్దరినీ కూర్చోబెట్టి ఈ పాట రికార్డు చేశారు. మా టేప్ రికార్డర్‌కు రెండు కొసలా రెండు మైకులు. ఎడమ కొసన నాన్నమ్మ, కుడి కొసన తాతయ్య. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఎడమ చెవిలో ఆవిడ, కుడి చెవిలో ఆయన... మధ్యలో మనం తడి ఇసుకలో నిలబడినట్టుండేది.

భయ్యా తెర మీద ఆ పాట రెండు పట్టీలుగా కనిపించింది. పైపట్టీ నిండా నాన్నమ్మ గొంతు గీసిన కొండలు. కిందిపట్టీలో చిన్న చిన్న అలలు, ఆగి ఆగి ఒక్కో పెద్ద కొండ.

"కింద కుచ్ నహీ హై. మధ్యమధ్యలో అరుపులు, బస్. సాఫ్ చేసేస్తాను," అన్నాడు.

నేను కాన్వెంట్ పిల్లని. అడిగితేనే నోరు విప్పడం అలవాటు. చదవడానికి ఇంట్లో ఇంకేమీ మిగలక ఆ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన హెల్ప్ పుస్తకం మొత్తం చదివేసినదాన్ని కూడా. అయినా భయ్యా కుర్చీ వెనక నిలబడి, బలమంతా కూడగట్టుకుని అన్నది ఒక్క ముక్క.

"భయ్యా... అది తాతయ్య."

"మాలూమ్ హై రే. పాటకి అడ్డం వస్తున్నాడు కదా."

అడ్డం! ఆ మాట ఇప్పటికీ నాకు అరగలేదు.

భయ్యా తప్పు ఎక్కడుందో అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు చెబుతాను. ఆయన ఒక్కరోజు కూడా తాడు పట్టుకున్నవాడు కాదు. పాట అంటే ఒకరు పాడేదనుకున్నాడు. బదులును గోల అనుకున్నాడు.

కిందిపట్టీ మొత్తం తీసేశాడు. పైపట్టీనే రెండు వైపులా అతికించాడు. అయినా నాన్నమ్మ మైకులోనూ పడ్డ తాతయ్య కేక సన్నగా, దూరం నుంచి వినిపిస్తూనే ఉంది. ఆ ముక్కల్నీ వెతికి వెతికి కత్తిరించాడు. ఖాళీలు మూసేశాడు. అదే పేరుతో సేవ్ చేశాడు, అసలు పాట చెరిగిపోయింది. వేరే పేరు పెట్టమని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది... చెప్పలేదు. నా మీద నాకున్న కోపం కూడా తక్కువేం కాదు.

మర్నాడు అదే క్యాసెట్‌లో సినిమా పాటలు నింపుకున్నాడు. "కంప్యూటర్‌లో ఉంది కదా!"

సంవత్సరీకం రోజు భోజనాలయ్యాక పాట పెట్టారు. "ఎంత సాఫ్‌గా ఉందిరా!" అని పెదనాన్న మురిసిపోయారు. అత్తలూ పిన్నులూ అందరూ భయ్యా తల నిమిరారు. గోడకు దండ వేసిన తాతయ్య ఫోటో... ఆయన గొంతు మాత్రం ఆయన సంవత్సరీకంలోనే లేదు. ఎవరికీ తెలియలేదు.

నాన్నమ్మకు తెలిసింది.

"ఒరే, నేనేటి, ఊపిరి తీకండా పాడేత్తన్నాను?" అంది ముందు. కాసేపు విని, కుడివైపు స్పీకర్ దగ్గరకు జరిగి చెవి పెట్టింది. "ఆ పక్క తాడు ఎవుడు లాగతన్నాడ్రా?"

"నాన్నమ్మా, క్లీన్ చేశాను. అరుపులన్నీ తీసేశాను," అన్నాడు భయ్యా గర్వంగా.

ఆవిడ లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ వారమే, భయ్యా కాలేజీకి వెళ్లిన వేళ, మొదటిసారి నేను ఆ ముసుగు తీశాను. తాతయ్యను తేలేను, తెలుసు. కనీసం ఖాళీలైనా తిరిగి పెడదామనుకున్నాను.

"ఎంతసేపు ఆగాలి నాన్నమ్మా, ఒక్కో మాటకీ?"

"తాడు ఓ మూర వచ్చీదాకా."

చేతులతో గాలిలో లాగి చూపించింది. నేను లెక్కపెట్టుకుని, ప్రతి మాట తర్వాత అంత నిశ్శబ్దం అతికించాను. నాలుగు రోజులు పట్టింది. పాట పెట్టాను. "తూరుపు కెరటం వచ్చిందో..." ఆగింది. నాన్నమ్మ పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. చేతులు మాత్రం ఒక మూర లాగాయి.

నిన్న మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో భయ్యా తాను సాఫ్ చేసిన ఆ పాత ఫైలు మళ్లీ పెట్టాడు. "నేను కాపాడిన పాట" అట. కింద దండాలు, గుండెలు, "వాహ్ భయ్యా, క్యా క్లారిటీ!" నాన్నమ్మ కూడా లేదిప్పుడు, అడగడానికి.

ఇప్పటి ఫోన్లయితే మనల్ని అడగను కూడా అడగవు... గోల అనుకున్నదాన్ని వాటంతటవే తీసేస్తాయి.

మీ ఇంట్లో ఇంకా ఏ క్యాసెట్టయినా మిగిలి ఉంటే, దయచేసి రెండు చెవులతో వినండి. రెండో వైపు ఎవరున్నారో ఈ పోస్టు కింద రాయండి. ఈసారి నేను నోరు మూసుకుని నిలబడను.